పదహారు కిలోల లోపు

పోయిన ఏడాది మార్చి నెల రెండో బుధవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. టైములో పొరపాటు లేదు. తమ్ముడి షెడ్డులో గోడ గడియారం ఆగిపోతే బ్యాటరీ మార్చి, అప్పుడే లోపలికొచ్చినాయన్ని టైము అడిగి ముల్లు తిప్పాను. ఆయన చెప్పింది పదకొండు ఇరవై. ఎందుకొచ్చాడో ఆ తరవాత చెప్పాడు.

చీరాల అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్టుకి ఆయన మేనేజరు. ఫోనులో బొమ్మ చూపించాడు. ఒక మనిషి నీళ్ళ మీద పొడుగాటి పలక ఎక్కి నిలబడి, చేతిలో తెడ్డుతో, ఎక్కడికీ వెళ్ళక్కర్లేనట్టు పోతున్నాడు.

"దీన్ని ప్యాడిల్ బోర్డు అంటారండి. మా దగ్గర గాలి కొట్టే రబ్బరుది ఒకటుంది. చెక్కదైతే చూడ్డానికి బాగుంటుందని మా ఓనరు గారు అంటున్నారు. మీరు చెయ్యగలరా?"

తమ్ముడు ఫోను తీసుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇది నాడె కదండీ," అన్నాడు.

నాడె అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తుతూ నూలు మోసే చెక్క. జానెడు పొడుగు, రెండు కొసలూ కోసు, లోపల బోలు. మా తమ్ముడు మగ్గాలు, నాడెలు చేసే వడ్రంగి. చీరాలకీ పర్చూరుకీ మధ్య ఉన్న మా ఊళ్ళో మగ్గాలు చేసేది అతనొక్కడే. వయసు అరవై ఆరు. నేను అతని కంటే ఆరేళ్ళు పెద్ద. ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. షెడ్డు వెనక ఇంట్లో ఉంటాను. పొద్దున షెడ్డు తీసేటప్పుడు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

మేనేజరు షరతులు మూడు. పదకొండు అడుగుల పొడుగు, ముప్పై రెండు అంగుళాల వెడల్పు ఉండాలి. బరువు పదహారు కిలోలకి లోపు ఉండాలి, ఎందుకంటే దాన్ని మోసేది రిసార్టులో పనిచేసే అమ్మాయి, ఒక్కతే మోయాలి. మే నెల రెండో శనివారం రబ్బరు బోర్డునీ దీన్నీ పక్కపక్కన నీళ్ళలో వేస్తారు. ఏది బాగుంటే దాన్ని ఎంచుకుంటారు. చెక్కది నెగ్గితే ఇంకో ఆరు చెయ్యాలి.

అప్పటికి తమ్ముడి చేతికి కొత్త మగ్గం పని వచ్చి రెండేళ్ళు దాటింది. షెడ్డు స్థలం వాళ్ళు వేసవిలో ఖాళీ చెయ్యమన్నారు. మార్టూరులో రాళ్ళు పాలిష్ పట్టే యూనిట్ ఒకదానిలో, గేటు దగ్గర కూర్చుని లోపలికొచ్చే పలకలు, బయటికెళ్ళే పలకలు లెక్కపెట్టే ఉద్యోగం అతని కోసం ఆగి ఉంది. మే పదిహేను దాకా ఆగుతామన్నారు. ఆరు బోర్డుల పని దొరికితే మార్టూరు వెళ్ళక్కర్లేదు.

"రాయి దగ్గర నేనేం చేస్తానక్కా? దానికి చిత్రిక పట్టలేం," అనేవాడు.

మరుసటి సోమవారం పని మొదలుపెట్టాడు. లెక్క నేను వేశాను. బోర్డు కూడా నాడెలాగే లోపల బోలు. దాన్ని కప్పే పలకలు, అంటే పైచర్మం, అడుగుచర్మం, పక్కలు కలిపి అయిదు చదరపు మీటర్లు. మందం ఆరు మిల్లీమీటర్లు. టేకుతో చేస్తే చర్మమే పంతొమ్మిదిన్నర కిలోలు తూగుతుంది. కొండపల్లి బొమ్మలు చేసే పొణుకు చెక్కతో అయితే పదిన్నర. తమ్ముడికి టేకు మీద మోజు. కాగితం చూపించాను.

"పొణుకు బొమ్మలకక్కా. మనుషులు ఎక్కేదానికి కాదు."

"నువ్వు టేకుతో చెయ్యి. ఆ పిల్లకి తోడు ఇంకో ఇద్దర్ని పెట్టుకోమందాం."

పొణుకు పలకలు పద్నాలుగు తెప్పించాడు. లోపల చేపముల్లులాగా నడిమి వెన్ను, దానికి అడ్డంగా పక్కటెముకలు పదిహేడు. అంచులకి మాత్రం గట్టి చెక్క కావాలి, దెబ్బలు తగిలేది అక్కడే. అటక మీద మా నాన్న చేసిన మగ్గం విప్పి పెట్టి ఉంది. దాని నిలువు కర్రలు రెండూ టేకు. నన్ను అడిగాడు. వద్దనలేదు. అవి చీరితే వచ్చిన అంచులు ఒక కిలో నాలుగు వందల గ్రాములు.

మా షెడ్డుకి ఒక పక్క పత్తి చేను, ఇంకో పక్క మిర్చి వ్యాపారి కల్లం. మార్చిలో కల్లం నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి మా వైపు తిరిగిన రోజు జిగురు పెట్టకూడదని మూడో రోజే తెలిసింది. తమ్ముడు బ్రష్షు పట్టుకుని వరసగా తొమ్మిది సార్లు తుమ్మాడు, ఆరో పక్కటెముక వంకరగా అతుక్కుంది. ఇప్పేసి మళ్ళీ అతికించాడు.

తూచడానికి ఆ వ్యాపారి కాటానే వాడుకున్నాం. మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, తూచే పెద్ద కాటా, పది గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. మేం పలక మోసుకెళ్ళినప్పుడల్లా ఆయన మిర్చి బేరం చేసినట్టే అడిగేవాడు.

"టీచరమ్మగారూ, ఇదేం రకమండీ? తాలు కాయ ఎంతుంది?"

"తాలు లేదు. మీ కాటాలోనే ఇరవై గ్రాములు తేడా ఉంది."

ఆయన మర్నాడు కాటా సరిచేయించాడు.

గాలి బెజ్జం దగ్గర మాత్రం నాకూ తమ్ముడికీ రెండు రోజులు మాటల్లేవు. బోలు బోర్డు ఎండలో ఉంటే లోపలి గాలి పెరుగుతుంది. పైన ముక్కు దగ్గర ఒక బెజ్జం పెట్టి దానికి ఇత్తడి మర బిగించాలి. ఎండలో ఉన్నప్పుడు తియ్యాలి, నీళ్ళలోకి దింపేముందు బిగించాలి.

"నీళ్ళ మీదికెళ్ళేదానికి బెజ్జం పెట్టమంటావా?"

"లోపల రెండు వందల ఇరవై లీటర్ల గాలి ఉంటుంది. పొద్దున ఇరవై అయిదు డిగ్రీలు, మధ్యాహ్నం నలభై అయిదు. పదిహేను లీటర్లు పెరుగుతుంది. అదెక్కడికి పోతుందిరా?"

"ఎక్కడికీ పోదు. నా అతుకు అంత గట్టిది."

"అతుకు గట్టిదే. పక్కన పొణుకు ఉంది, అది చీలుతుంది."

మూడో రోజు బెజ్జం పెట్టాడు. పెట్టి, "తీసేదీ బిగించేదీ నువ్వే చూసుకో, నాకు గుర్తుండదు," అన్నాడు. ఒప్పుకున్నాను. నోటుబుక్కులో రెండు గళ్ళు గీశాను, తీసిన టైము, బిగించిన టైము.

పైచర్మం మూసే రోజు శుక్రవారం. అంతా సిద్ధంగా ఉంది. "అక్కా, కాస్త టీ పెట్టుకురా," అన్నాడు. ముప్పై ఎనిమిది పని దినాల్లో అతను నన్ను టీ అడిగింది ఆ ఒక్కసారే. వింతగా అనిపించి నోటుబుక్కులో రాసుకున్నాను. ఎందుకడిగాడని మాత్రం ఆలోచించలేదు. టీ తెచ్చేసరికి చర్మం వేసి క్లాంపులు బిగించేశాడు.

వార్నిష్ ఆరాక కాటా మీద పెట్టాం. పదిహేను కిలోల ఆరు వందలు. విడివిడిగా తూచినవి కూడితే నాకు వచ్చింది పదిహేను కిలోల వంద. అర కిలో తేడా. జిగురు ఎక్కువ పోసి ఉంటాడనుకుని ఆ అర కిలో జిగురు కింద రాశాను. నా సర్వీసులో ఏ పిల్లాడైనా కూడిక కుదరలేదని తేడాని అలా ఒక వరసలో కలిపేస్తే సున్నా వేసేదాన్ని.

మా ఊరి కాలువకి తాగునీటి చెరువులు నింపడానికని మే దాకా నీళ్ళు వదిలారు. ఏప్రిల్ చివరి ఆదివారం ట్రాలీ ఆటో మీద బోర్డు వేసుకుని వెళ్ళాం. గట్టు మీద గొర్రెలు తోలుకెళ్ళేవాడు ఆగాడు.

"ఏం బాబాయ్, తలుపు ఊడదీసుకొచ్చావా?"

"మీ ఇంటిదేరా. నీళ్ళలో కొట్టుకుపోతుంటే పట్టుకొచ్చా."

"అయితే మా ఆవిడ అరుస్తుంది, తొందరగా ఇచ్చెయ్."

తమ్ముడు ఆ రోజు పదకొండు సార్లు పడ్డాడు. పన్నెండోసారి నిలబడ్డాడు. లుంగీ కట్టుకుని, తెడ్డు పట్టుకుని, వంతెన దాకా వెళ్ళి వచ్చాడు. బోర్డు ఎటూ పక్కకి లాగలేదు, గీత గీసినట్టు పోయింది. గట్టెక్కాక తమ్ముడు బోర్డు అడుగు తడిమి, "మగ్గం మీద నాడె కూడా ఇంత తిన్నగా పోదక్కా," అన్నాడు. ఇంటికొచ్చి తూచాం. పదిహేను ఆరు వందలు. చుక్క నీరు ఎక్కలేదు.

మే మొదటి ఆదివారం మళ్ళీ వెళ్ళాం. ఆటో మీద ఎండ తగులుతుందని బయల్దేరేటప్పుడే మర తీసేశాను. ఆరు గంటల పది నిమిషాలని రాశాను. మర చిన్నది, ఎక్కడైనా జారిపోతుందని కళ్ళజోడు పెట్టెలో వేసుకున్నాను. కాలువ దగ్గర గట్టు మీద అరడజను మంది ఉన్నారు. తమ్ముడు ఎన్నిసార్లు పడతాడోనని వాళ్ళు పందేలు వేస్తుంటే, లెక్క నన్ను పెట్టమన్నారు. నాలుగు సార్లు. ఆ లెక్కలో తప్పు లేదు.

బోర్డు పైకి లాగుతుంటే లోపల గుడగుడమంది. ముక్కు కిందికి వంచితే బెజ్జంలోంచి నీళ్ళు ధారగా కారాయి. తమ్ముడు నా వైపు చూశాడు.

"మర సరిగ్గా కూర్చోలేదేమో," అన్నాను. "వాషరు మార్చాలి."

కళ్ళజోడు పెట్టె నా చేతిలోనే ఉంది. ఇంటికొచ్చాక చూస్తే నోటుబుక్కులో బిగించిన టైము గడి ఖాళీగా ఉంది. దాన్ని ఖాళీగానే ఉంచాను. లేని టైము రాయలేను, ఉన్న సంగతి చెప్పలేకపోయాను. చెప్పకపోవడానికి కారణం కూడా పెద్దది కాదు. ముప్పై ఎనిమిది రోజులు ప్రతి కొలతా అతని చేత రెండుసార్లు తీయించిన మనిషిని నేను.

సోమవారం దాకా ఆరబెట్టి తూచాం. పదహారు కిలోల యాభై. మంగళవారం కూడా పదహారు యాభై. నీళ్ళన్నీ కారిపోయాయి, ఊపితే చప్పుడు లేదు. లోపల కూడా వార్నిష్ వేశాడు కాబట్టి చెక్క తాగదు. నాలుగు వందల యాభై గ్రాములు ఎక్కడున్నాయో తెలియలేదు.

"చెక్క కదా, తాగి ఉంటుందిలే," అన్నాడు తమ్ముడు.

"వార్నిష్ వేశావుగా."

"వేశాను." గరుకు కాగితం అందుకున్నాడు. అతను కూడా ఏదో దాస్తున్నాడని నాకు అప్పుడు తోచలేదు. నేను నాది దాచుకునే పనిలో ఉన్నాను.

పైచర్మాన్ని గరుకు కాగితంతో రుద్ది నూట పది గ్రాములు దించాడు. శుక్రవారం సాయంత్రం పదిహేను కిలోల తొమ్మిది వందల నలభై. లోపే. ముక్కు దగ్గర టేకు అంచుకీ పొణుకుకీ మధ్య వెంట్రుకంత గీత కనిపించింది నాకు. వేలుపెట్టి చూపించాను. "రుద్దిన గీతక్కా," అన్నాడు. నేను వేలు తీసేశాను.

శనివారం తొమ్మిదింటికి రిసార్టు దగ్గర, వాగు సముద్రంలో కలవబోయే ముందు నిలవ నీళ్ళున్న చోట పరీక్ష. మేనేజరు ముందు రెండు బోర్డులూ తూచాడు. మాది పాసైంది. మర నేనే బిగించాను. తొమ్మిది పన్నెండు. రాశాను.

మోసే అమ్మాయిది చీరాల. ఇరవై రెండేళ్ళుంటాయి. ముందు రబ్బరు బోర్డు మీద నాలుగు చుట్లు తిరిగి వచ్చింది. తరవాత మాది చంకన పెట్టుకుని నీళ్ళలోకి నడిచింది, ఎక్కి నిలబడింది, పడలేదు. మొదటి చుట్టు తిరిగొస్తూ ఒడ్డుకి వినపడేలా అరిచింది.

"సార్, ఇది బాగుంది సార్! రబ్బరుది గాలికి తిరిగిపోతుంది, ఇది చెప్పిన మాట వింటుంది!"

తమ్ముడు తల వంచుకుని చెప్పులు చూసుకున్నాడు. సంతోషం వస్తే అతను అలాగే చేస్తాడు. మేనేజరు, మిగతా ఆరూ ఎప్పటికి ఇవ్వగలరని అడిగాడు. "వానలు పడేలోగా మూడు," అన్నాడు తమ్ముడు.

రెండో చుట్టులో బోర్డు కొంచెం నెమ్మదించింది. మూడో చుట్టులో ముక్కు నీళ్ళని తాకుతూ వచ్చింది. నాలుగో చుట్టు అమ్మాయి వెళ్ళలేదు, దిగి నడుస్తూ బోర్డుని లాక్కొచ్చింది.

"అమ్మమ్మగారూ, ముక్కు బరువెక్కిందండీ."

ఒడ్డున పెట్టి మర తీశాను. బెజ్జంలోంచి నీళ్ళు రాలేదు. అడ్డంగా ఏదో ఉంది. తెల్లగా, దారంలాగా, వంగి ఉంది. వేలితో లాగితే బయటికొచ్చింది. రెండాకులు విప్పబోతున్న పెసర మొలక.

మేనేజరు వంగి చూశాడు. అమ్మాయి చూసింది. వాళ్ళిద్దరూ నన్ను చూశారు. నేను తమ్ముడిని చూశాను.

"నవధాన్యాలు," అన్నాడు తమ్ముడు. "మూసేముందు పెట్టాను."

మా వైపు ద్వారబంధం నిలబెట్టేటప్పుడు కింద తొమ్మిది రకాల గింజలు, ఒక నాణెం పెడతారు. మగ్గం గుంట తవ్వి కర్ర దింపేటప్పుడు కూడా అంతే. తమ్ముడు తన చేతుల మీద నిలబెట్టిన మగ్గాలు నూట అరవై మూడు, ఒక్కటి కూడా గింజలు లేకుండా నిలబెట్టలేదు. ఆ గింజలు మట్టిలో మొలిచాయో లేదో ఎవరూ చూడలేదు. ఈ బోర్డుకి మట్టి లేదు కాబట్టి ముక్కులో, చివరి పక్కటెముకకీ కొసకీ మధ్య, పసుపు గుడ్డలో మూటకట్టి ఇరికించాడు. గుప్పెడు చొప్పున తొమ్మిది గుప్పిళ్ళు. ఒక రాగి పైసా.

"నాతో ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే తూచమంటావు."

అర కిలో. నేను జిగురు కింద రాసిన అర కిలో. ఆదివారం లోపలికెళ్ళిన నీళ్ళు తాగి గింజలు ఉబ్బాయి, మూట ఉబ్బి ముక్కు అతుకుని లోపలినుంచి నెట్టింది. శుక్రవారం నేను వేలుపెట్టిన గీత అదే, ఈరోజు నీళ్ళు ఎక్కింది అందులోంచే.

మేనేజరు మర్యాదస్తుడు, నవ్వలేదు. మళ్ళీ తూచాడు, పద్దెనిమిది కిలోల నాలుగు వందలు. ఓనరు గారికి ఫోను చేసి వచ్చి చెప్పాడు. "నీళ్ళ మీదికి రబ్బరుదే ఉంచమన్నారండి, గెస్టులతో వ్యవహారం కదా. కానీ ఇది చాలా అందంగా ఉంది. ముందు హాల్లో గోడకి తగిలిస్తాం, ఇవ్వండి."

తమ్ముడు బోర్డు మీది నీళ్ళు తుడిచాడు.

"గోడకైతే టేకుతో చేసేవాణ్ణండి," అన్నాడు. బోర్డుని ఆటో మీదికి ఎక్కించాడు. అమ్మాయి రెండో పక్క పట్టుకుంది.

ఆటో పర్చూరు రోడ్డెక్కింది. అక్కడ కళ్ళజోడు పెట్టె తెరిచి, మర అతని చేతిలో పెట్టి చెప్పాను. "పోయిన ఆదివారం ఇది ఇందులో ఉంది. నీళ్ళలోకి దింపినప్పుడు నేను బిగించలేదు. వాషరు బాగానే ఉంది."

అతను మరని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు తెలుసక్కా."

"ఎలా తెలుసు?"

"వాషరు మార్చమన్నావు, కానీ ఎంత సైజో చెప్పలేదు. సైజు చెప్పకుండా నువ్వు ఏదీ అడగవు."

"తెలిసి ఊరుకున్నావా?"

"నిన్ను అడిగితే నువ్వు నన్ను అడుగుతావుగా, ఆ బరువేంటని."

ఇంటికెళ్ళి ముక్కు కోసి చూశాం. ఎనిమిది రకాలు మొలిచాయి. నువ్వులు మొలవలేదు. మొలకలు పక్క కల్లం వ్యాపారి దూడకి పెడితే వాసన చూసి పక్కకి తిరిగింది. ముక్కు మళ్ళీ చేస్తే బోర్డు బాగుపడుతుంది. కానీ పదిహేనో తేదీకి ఆరు రోజులే ఉంది, ఈలోగా షెడ్డు సర్దాలి. పద్నాలుగున సర్దడం అయింది. పదిహేనున పొద్దున ఆరింటి బస్సుకి తమ్ముడు మార్టూరు వెళ్ళాడు. ఇప్పుడు ఆదివారాలు వస్తాడు. ఎన్ని పలకలు వచ్చాయో, ఎన్ని వెళ్ళాయో అడుగుతాను, చెప్తాడు. తేడా రాదు. బోర్డు నా ఇంటి వెనక వసారాలో, ముక్కు లేకుండా నిలబెట్టి ఉంది. రాగి పైసా, ఇత్తడి మర నా దగ్గర ఉన్నాయి కాబట్టి వాటిని కింది లెక్కలో కలపలేదు.

పోయినవి:

పొణుకు పలకలు, పద్నాలుగు.

నాన్న మగ్గం నిలువు కర్రలు, రెండు.

తమ్ముడి పని దినాలు, ముప్పై ఎనిమిది. ఆరో పక్కటెముక మళ్ళీ అతికించిన పూట ఇందులోనే ఉంది.

గింజలు, తొమ్మిది గుప్పిళ్ళు.

చెయ్యాల్సిన బోర్డులు, ఆరు.

షెడ్డు, ఒకటి. ఇరవై అడుగులకి పద్నాలుగు.

నోటుబుక్కులో గడి, ఒకటి.

మా ఊళ్ళో మగ్గం చేసేవాళ్ళు, ఒకరు. ఉన్నదే ఒకరు.